గొంతు ఒకరిది, పెదాలు మరొకరివి: ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’

హైదరాబాద్ సినిమా వార్తల్లో ఈనాటికీ ‘టాకీ పార్ట్ పూర్తయింది, రెండు పాటలే బాకీ’ అన్న వాక్యం కనిపిస్తూనే ఉంటుంది. మూకీలు కనుమరుగై ఇన్నేళ్లయినా, పాటలు కాని భాగమంతటికీ మన పరిశ్రమలో ఆ పేరే స్థిరపడిపోయింది. తెర మీది బొమ్మ మొదటిసారి నోరు విప్పిన ఆ రోజుల్లో, అంతవరకు అందంతోనూ అభినయంతోనూ నెట్టుకొచ్చిన తారలకు ఎంత సంకటం వచ్చిపడిందో చెప్పి కడుపుబ్బ నవ్వించే చిత్రం ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’. 1952లో ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన ఈ 103 నిమిషాల రంగుల చిత్రానికి జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి దర్శకత్వం వహించారు. నేను దీన్ని ఇంతకుముందు మూడుసార్లు చూశాను. నాలుగోసారి, మొన్నటి వానల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, యూసుఫ్‌గూడలో మా పిన్ని ఇంట్లో ఆవిడ పక్కన కూర్చుని చూశాను. పిన్ని చాలా ఏళ్లపాటు కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో కథానాయికలకు, వాళ్ల చెల్లెళ్లకు, అవసరమైతే చంటిపిల్లల ఏడుపులకు కూడా డబ్బింగ్ చెప్పిన మనిషి కావడం వల్ల, అంతకుముందు మూడుసార్లూ నేను చూసింది వేరే సినిమా అనిపించింది.

కథ 1927లో హాలీవుడ్‌లో మొదలవుతుంది. డాన్ లాక్‌వుడ్, లీనా లామాంట్ మూకీ చిత్రాల్లో తిరుగులేని జంట. నిజజీవితంలోనూ వాళ్లు ప్రేమికులేనని పత్రికలు రాస్తాయి, స్టూడియో రాయిస్తుంది, లీనా నమ్ముతుంది. డాన్‌కు మాత్రం ఆమె పొడ గిట్టదు. వాళ్ల కొత్త చిత్రం షూటింగ్ మొదలైన సమయంలో పోటీ సంస్థవారి టాకీ ‘ద జాజ్ సింగర్’ విడుదలై జనాన్ని ఊపేస్తుంది. అది చరిత్రలో నిజంగా జరిగిందే, 1927 అక్టోబరులో. దానితో మన జంట చిత్రాన్ని కూడా టాకీగా మార్చక తప్పదు. చిక్కల్లా ఒక్కటే: దేవతలా కనిపించే లీనా నోరు తెరిస్తే రేకు మీద మేకుతో గీసినట్టుంటుంది. ప్రివ్యూలో పరువు పోయాక, చిత్రాన్ని సంగీత చిత్రంగా మార్చి, కేథీ సెల్డెన్ అనే అనామక నటి గొంతును లీనా పెదాలకు అతికించాలని డాన్, అతని మిత్రుడు కాస్మో పథకం వేస్తారు. ఇక మిగతాదంతా ఆ అతుకు నిలవడం, ఊడడం గురించే.

మొదటి పది నిమిషాల్లోనే దర్శకులు ఎంత గడుసువాళ్లో తెలిసిపోతుంది. సినిమా ప్రదర్శనకు ముందు, కాంతులు చిమ్ముతున్న వేదిక దగ్గర, ఒక వ్యాఖ్యాత్రి మైకు పట్టుకుని తారలను ఒక్కొక్కరినే పిలుస్తుంటుంది. బయట అభిమానులు సొమ్మసిల్లుతుంటారు. శిల్పకళావేదికలో ఒక్క ఆడియో వేడుకకైనా వెళ్లినవారికి ఇందులో పరాయితనం ఏమీ కనిపించదు, యాంకరమ్మ భాష తప్ప. అక్కడ డాన్ తన గతం గురించి మర్యాద, సంస్కారం, ఉన్నత విద్య అంటూ గంభీరంగా చెబుతుంటే, తెర మీద మాత్రం సారా దుకాణాల్లో ఫిడేలు వాయించడం, చిల్లర నాటకాల్లో చీవాట్లు తినడం, స్టంట్‌మ్యాన్‌గా కొండమీంచి దూకడం కనిపిస్తాయి. చెవికి ఒకటి, కంటికి మరొకటి. అసలు కథ మొదలుకాకముందే, ఈ రెండింటినీ నమ్మి ఒకటనుకోవద్దని ప్రేక్షకుడికి చెప్పేశారన్నమాట. ఇంకో గడుసుతనం ఏమిటంటే, ఆ వేడుక సాగినంతసేపూ లీనా ఒక్క మాటైనా మాట్లాడదు. ఆమె నోరు తెరవబోయినప్పుడల్లా డాన్ అడ్డుపడి తానే మాట్లాడతాడు. తెర వెనక్కి వెళ్లాక గాని ఆ గొంతు మనకు వినిపించదు. అది వినిపించిన క్షణాన పిన్ని చేతిలోని టీకప్పు తొణికింది.

ఈ చిత్రంలో నాకు అన్నిటికంటే విలువైనది టాకీ షూటింగ్ సన్నివేశం. పాటలన్నీ తీసేసి ఈ ఒక్కటీ ఉంచినా చిత్రం నిలబడుతుందని నా నమ్మకం. కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరానూ, కెమెరామ్యాన్‌నూ కలిపి అద్దాల గదిలో పెట్టి తలుపేస్తారు. మైకును తీసుకెళ్లి లీనా ముందున్న పొదలో దాస్తారు. ఆమె మూకీలకు అలవాటుపడిన మనిషి, ప్రేమ సన్నివేశంలో తలను అటూ ఇటూ తిప్పుతూ నటిస్తుంది. తిప్పిన ప్రతిసారీ సగం మాట మైకులో పడి సగం గాలిలో కలిసిపోతుంది. పొదకేసి మాట్లాడమని దర్శకుడు మొత్తుకుంటే, పొదతో ప్రేమ కబుర్లు ఎలా చెప్పాలో ఆమెకు అర్థం కాదు. సరే అని మైకును ఆమె దుస్తుల్లో గుండె దగ్గర కుడితే, మాటకు బదులు గుండె చప్పుడు దబదబమని వినిపిస్తుంది. అంతలో స్టూడియో అధినేత లోపలికి వచ్చి, నేల మీద ఈ తీగేమిటి, ఎవరైనా తట్టుకుని పడతారు కదా అని బాధ్యతగా దాన్ని పట్టి లాగేసరికి, తీగకు రెండో కొసన ఉన్న కథానాయిక వెల్లకిలా పల్టీ కొడుతుంది. ఇదంతా అతిశయోక్తి అనుకోవడానికి వీల్లేదు. తొలి టాకీల నాటి కెమెరా గదులు, కదలని మైకులు, వాటి చుట్టూ బొమ్మల్లా నిలబడిపోయిన నటులు నిజమే. ఇలాంటి అగచాట్లను ఆ పరిశ్రమలో పెద్దవాళ్లు పాతికేళ్ల తరువాత కూడా మరిచిపోకుండా ఉండబట్టే ఇన్ని వివరాలు తెరకెక్కాయి.

దాని తరువాత వచ్చే ప్రివ్యూ సన్నివేశానికి చిన్న సాంకేతిక వివరం తెలిస్తే నవ్వు రెట్టింపవుతుంది. ‘ద జాజ్ సింగర్’కు వాడిన వైటాఫోన్ పద్ధతిలో ధ్వని ఫిల్ము మీద ఉండదు, వేరే గ్రామఫోన్ రికార్డు మీద ఉంటుంది. ప్రొజెక్టర్, రికార్డు ఒకే వేగంతో, ఒకేచోట మొదలై తిరిగినంతసేపే బొమ్మకూ మాటకూ పొంతన ఉంటుంది; ఫిల్ము ఒకచోట తెగినా, ముల్లు ఒక గీత జారినా ఇక అంతే. ఈ చిత్రంలోని ప్రివ్యూలో సరిగ్గా ఆ జారుడే జరుగుతుంది. కాదు కాదంటూ తల అడ్డంగా ఊపుతున్న కథానాయిక నోట ప్రతినాయకుడి మొరటు గొంతు ఔను ఔనంటుంది. అతను తల ఆడిస్తూ ఉంటే ఆమె కీచుగొంతు వద్దు వద్దంటుంది. అంతకుముందే హాలంతా గోలగా ఉంటుంది. కారణం, డాన్ తన సంభాషణను తానే కల్పించుకుని, ప్రేమిస్తున్నానన్న ఒక్క మాటనే పదేపదే వల్లించడం. మూకీలో ఏం వాగినా చెల్లిన నటుడికి టాకీలో మాటల రచయిత ఎందుకు కావాలో ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర ఈ మలుపు ఇంత బాధాకరంగా జరగలేదు. హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నాటికి, మైకు అక్కర్లేకుండానే చివరి వరుస దాకా పద్యం వినిపించగల రంగస్థల నటులు సిద్ధంగా ఉన్నారు. అందులో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి నాటకాల్లోనే పుట్టి పెరిగిన నటి. గొంతు ఉన్నవారే తెర మీదికి వచ్చారు కాబట్టి, గొంతు లేని తారల సమస్య మనకు మొదట్లో లేదు. నాగయ్య, భానుమతి తమ పాటలు తామే పాడుకున్నారు. ఆ తరువాతే పెదాలూ గొంతూ వేరుపడ్డాయి. ఎన్టీఆర్‌కూ, ఏఎన్నార్‌కూ ఘంటసాల పాడితే, ఆ గొంతు ఆ ముగ్గురిదీ అన్నట్టే జనం స్వీకరించారు. మరికొంతకాలానికి మాట కూడా పాట దారే పట్టింది. తెలుగులో కమల్‌హాసన్‌కు బాలసుబ్రహ్మణ్యం, రాజశేఖర్‌కు సాయికుమార్ చెప్పిన డబ్బింగ్ విని పెరిగిన తరం మాది. రాజశేఖర్ అసలు గొంతు విన్న రోజున ఎవరిదో అరువు గొంతనుకున్నాను. కాబట్టి అమెరికా ప్రేక్షకుడు ఈ చిత్రాన్ని పాతకాలపు ముచ్చటగా చూస్తాడేమో గాని, హైదరాబాద్‌లో ఇది నిన్నటి సంగతి, చాలామందికి నేటి సంగతి కూడా.

కేథీ మైకు ముందు నిలబడి, ఎదుట తెర మీద కదులుతున్న లీనా పెదాలను చూస్తూ సంభాషణ చెప్పే ఘట్టం రాగానే పిన్ని ముందుకు వంగి కూర్చుంది. డబ్బింగ్‌లో మొదట చూసేది ఓష్ఠ్యాలని ఆవిడ నాకు చిన్నప్పుడే చెప్పింది: ప, బ, మ పలికేటప్పుడు పెదాలు మూసుకోవాలి, తెర మీద నోరు మూతపడిన చోట ‘క’ వినిపిస్తే, కారణం తెలియని ప్రేక్షకుడికి కూడా ఏదో తేడా కొడుతుంది. అనువాద చిత్రానికి మాటలు రాసేవాళ్లు అర్థంకంటే ముందు ఈ మూతలనే లెక్కపెట్టుకుంటారు. ఆ ఘట్టాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసి పిన్ని అంది: “ఈ గొంతు ఆ పిల్లది కాదురా. పెదాలు సరిగ్గానే పడ్డాయి గాని ఊపిరి పడలేదు. ఇంకెవరో చెప్పారు.”

ఆవిడ చెవికి దండం పెట్టాలి. కేథీగా నటించిన డెబీ రేనాల్డ్స్ అక్కడ లీనాకు గొంతు అరువిస్తున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి వినిపించేది లీనాగా నటించిన జీన్ హేగెన్ సొంత గొంతే. తీయని, నిండైన గొంతున్న హేగెన్ చిత్రమంతా కీచుగొంతుతో మాట్లాడి, తన పాత్రకు ఇంకొకరు డబ్బింగ్ చెబుతున్నట్టు చూపించే చోట తన అసలు గొంతును వాడింది. అంటే తనకు తానే డబ్బింగ్ చెప్పుకుని, దాన్ని వేరొకరి ఖాతాలో వేసింది. అంతటితో ఆగలేదు. దానికి కాస్త ముందు కేథీ లీనా కోసం రికార్డు చేస్తున్నట్టు చూపించిన పాటను రేనాల్డ్స్ పాడలేదు. బెటీ నోయెస్ అనే గాయని పాడింది. అజ్ఞాత గాయనికి పేరు దక్కాలని గుండె కరిగేలా చెప్పే చిత్రంలో, ఆ నోయెస్ పేరు మాత్రం పేర్ల జాబితాలో లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని నవ్వలేదు. చాలాకాలం కింద ఒక చిత్రంలో మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా కథానాయికకు తాను చెప్పిన డబ్బింగ్, విజయోత్సవ సభలో ఆ కథానాయిక ‘గొంతులోని మార్దవం’గా పొగడ్తలందుకున్న సంగతి ఆవిడ ఇంతకుముందోసారి చెప్పింది. ఆ రోజు ఆవిడ సభకు వెళ్లలేదు, పిలుపు లేదు. తెర మీద పేరు కూడా పడలేదు. ఆ తరువాతి కాలంలో నంది పురస్కారాల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతులు ఇచ్చారన్నది నిజమే గాని, పురస్కారం అందేది ఏటా ఒకరిద్దరికి. మైకు ముందు నిలబడేది వందలమంది.

అయితే ఈ చిత్రం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కేథీ గురించి కాదు, లీనా గురించి. రచయితలు బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ ఆమెను తెలివితక్కువదానిగా, అసూయాపరురాలిగా మలిచి, ఆమె యాసను నవ్వులాటగా మార్చారు. న్యూయార్క్ వీధి యాసతో మాట్లాడే ఆ మనిషిని ఒక ఉచ్చారణ గురువు ముందు కూర్చోబెట్టి, ఒక్క అచ్చును దీర్ఘంగా పలకలేక ఆమె పడే అవస్థను చూపిస్తారు. ఇతరులు నవ్వినంత హాయిగా హైదరాబాద్ వాడు ఇక్కడ నవ్వలేడు. మా యాసను తెలుగు సినిమా దశాబ్దాలపాటు రౌడీలకూ, హాస్యగాళ్లకూ రాసిచ్చింది; కథానాయిక మాత్రం ఎక్కడ పుట్టినా ‘శుద్ధమైన’ భాషే మాట్లాడేది. 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి తెలంగాణ మాటను తన సొంత గొంతుతో పలికినప్పుడు హాల్లో పడిన ఈలల్లో ఆ పాత బాకీ కూడా కొంత తీరింది. ఆ చెవులతో వింటే లీనా మీద జాలి కలుగుతుంది. పైగా ఆమె అనుకున్నంత తెలివితక్కువదేమీ కాదు: తన ఒప్పందపత్రంలోని నిబంధనలను అధినేతకంటే క్షుణ్ణంగా చదివి, ఆయన్నే ఇరుకున పెడుతుంది. ఆ సన్నివేశంలో హేగెన్ ముఖం చూడండి. అంతవరకు బొమ్మలా ఉన్న కళ్లలో లెక్కలు కదలడం మొదలవుతుంది. ఉత్తమ సహాయనటి విభాగంలో ఆమె ఆస్కార్‌కు పోటీపడింది గాని గెలవలేదు. విచిత్రమేమిటంటే, ఆ ఏడాది ఆ బహుమతి గెలిచిన గ్లోరియా గ్రాహమ్ నటించిన ‘ద బ్యాడ్ అండ్ ద బ్యూటిఫుల్’ కూడా సినిమావాళ్ల తెర వెనుక కథే.

పాటల సంగతి. మన రచయితలు ట్యూన్‌కు పాట రాస్తారు. ఇక్కడ ఏకంగా కథనే పాటలకు రాశారు. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ ఒకప్పుడు గీత రచయిత. నేసియో హెర్బ్ బ్రౌన్‌తో కలిసి తాను కట్టిన పాత పాటలను రచయితల చేతిలో పెట్టి, వీటిని కలిపే కథ కావాలన్నాడు. ఆ పాటల్లో చాలా వరకు తొలి టాకీల నాటివే కాబట్టి, వాళ్లు కథను కూడా ఆ కాలంలోనే పెట్టారు. మకుటం పాట 1929 నాటిదే. వాన పాట గురించి ఇప్పటికే అందరూ రాశారు గనుక నేను ఎక్కువ చెప్పను. డాన్‌గా నటించిన కెల్లీ 103 డిగ్రీల జ్వరంతో అంత తేలిగ్గా ఆడాడంటే నమ్మబుద్ధి కాదు. షాట్లు తక్కువ, నిడివి ఎక్కువ; మనిషి తల నుంచి పాదం దాకా కనిపిస్తాడు; అడుగు ఎక్కడ పడిందో మన కంటికి తెలుస్తుంది. సెకనుకో ముక్కగా కత్తిరించిన పాటలకు అలవాటుపడిన కళ్లకు అదే ఒక విశ్రాంతి. అతను కాలిబాట అంచున నిండిన నీళ్లలో గెంతుతున్నప్పుడు మాత్రం, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక్క వానకే మోకాటి లోతు నీళ్లలో నిలబడిన అనుభవం ఉన్న నాకు, ఆ నీళ్ల కింద మూతలేని మ్యాన్‌హోల్ ఉందేమోనన్న భయం నాలుగోసారి కూడా పోలేదు.

కాస్మోగా నటించిన డొనాల్డ్ ఓకానర్ గోడ మీదికి పరుగెత్తి పల్టీ కొట్టే హాస్యగీతం శరీరంతో చేసిన హాస్యానికి శిఖరం. దాని బాణీ మాత్రం సంగీతకర్త కోల్ పోర్టర్ నాలుగేళ్ల ముందు ఇదే నిర్మాత చిత్రానికి చేసిన పాటకు మరీ దగ్గరగా ఉంది. ట్యూన్ ఎత్తుకోవడం మన సొత్తే అనుకునేవాళ్లకు ఇది కొంత ఊరట. డెబీ రేనాల్డ్స్‌కు షూటింగ్ నాటికి 19 ఏళ్లు, నాట్యంలో శిక్షణ లేదు. మిగతా ఇద్దరు ఆరితేరినవాళ్లు. ముగ్గురూ కలిసి సోఫాను దొర్లించే తెల్లవారుజాము పాట పూర్తయ్యేసరికి ఆమె పాదాల నుంచి రక్తం వచ్చిందట. తెర మీద ఆమె చిరునవ్వు ఎక్కడా చెదరదు.

చిత్రం చివరి భాగంలో వచ్చే దీర్ఘ నృత్యరూపకం నాకు ఎప్పుడూ అడ్డుగానే అనిపిస్తుంది. అందులో మాత్రమే కనిపించే నర్తకి సిడ్ చారిస్ నృత్యం అపురూపమే, రంగులు కళ్లు చెదరగొడతాయి. అయినా కేథీ సంగతి ఏమవుతుందోనని మనం ఎదురుచూస్తుంటే, కథను పక్కన నిలబెట్టి పది నిమిషాలకు పైగా వేరే కథ చెప్పడం దేనికో తెలియదు. మన సినిమాల్లో క్లైమాక్స్‌కు ముందు వచ్చే పాటకు లేచి బయటికి వెళ్లే ప్రేక్షకుడు ఇక్కడా నిశ్చింతగా వెళ్లి రావచ్చు. పిన్ని ఆ సమయంలో పకోడీలు వేసింది.

నా దగ్గరున్న బ్లూ-రేలో తెలుగు అనువాదం లేదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకుని చూడడం మంచిది, ఎందుకంటే లీనా సంభాషణలో సగం హాస్యం ఉచ్చారణలోనే ఉంది, మొదటిసారి విన్నప్పుడు చేజారుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూడవచ్చు, దాచుకోవలసిందేమీ లేదు. ఎనిమిదేళ్ల మా పిన్ని మనవరాలికి మాటలు అర్థం కాకపోయినా గోడ ఎక్కే పాటను మూడుసార్లు పెట్టించుకుంది. మరునాడు వాళ్ల గోడ మీద చెప్పుల ముద్రలు కనిపించాయి.

ఇక చివరి ఘట్టం. జనం పాడమని పట్టుబడితే లీనా తెర ముందు నిలబడి పెదాలు కదుపుతుంది, తెర వెనుక కేథీ పాడుతుంది. డాన్, కాస్మో, అధినేత కలిసి తాడు లాగి తెర ఎత్తేస్తారు. కాస్మో పరుగున వచ్చి కేథీని పక్కకు జరిపి తానే అందుకుంటాడు. లీనాకు ఏమీ తెలియదు. మగ గొంతుకు కూడా పెదాలు కదుపుతూనే ఉంటుంది, హాలు హోరెత్తుతుంది. నేను ఎప్పటిలా నవ్వుతున్నాను. పిన్ని రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. కేథీ వైపు చూడలేదు, కాస్మో వైపు చూడలేదు. లీనా నోటినే చూసింది.

“గొంతు మారింది గాని ఆ పిల్ల ఒక్క మూత కూడా తప్పలేదు చూడరా,” అంది. “దీన్ని ఎందుకురా నవ్వుతారు?”